పుట దాటే వాక్యం

ఆమెకు తప్ప ఆ గదిలో అందరికీ తెలుసు. అసలు అన్యాయం అక్కడ మొదలైంది. ఉత్తర్వు రాసినవాళ్ల అన్యాయం దాని తర్వాతిది.

ఉత్తర్వు ఆ నెల మూడో తేదీన వచ్చింది. ఆ పూట ఆమె కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. గ్రంథాలయం కింది అంతస్తులో, మెట్ల పక్కన, మూడు పొడవాటి బల్లలూ ఒక కత్తిరింపు యంత్రమూ జిగురు ఉడికించే పొయ్యీ ఉన్న బైండింగు గదిలో, మేస్త్రి ఆ కాగితాన్ని మొదట నిలబడి చదివాడు. తర్వాత కూర్చుని చదివాడు. మూడోసారి అందరికీ వినబడేలా చదివాడు.

“బైండింగు విభాగమునందు పనివేళలలో గ్రంథములను బిగ్గరగా చదువు అలవాటును తక్షణమే నిలిపివేయవలెను. పుటల సరిచూపు ఇకపై అంకెలను బట్టి మాత్రమే జరుగవలెను. కుట్టుపని చేయజాలని ఉద్యోగిని నెలాఖరున విధుల నుండి విడుదల చేయబడును.” కింద సూపరింటెండెంటు సంతకం, గుండ్రటి ముద్ర.

కుట్టుపని చేయలేని ఉద్యోగిని ఆ గదిలో ఒక్కతే. అందరూ ఆమెను చదువులమ్మ అంటారు. పంతొమ్మిదో ఏట అక్కడ కుట్టుపనికి చేరింది. ఆమె సూది పట్టుకుంటే దారం తనంతట తానే నడుస్తున్నట్టుండేదని చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ముప్పయ్యో ఏట కత్తిరింపు యంత్రం ఆమె కుడిచేతి బొటనవేలినీ చూపుడువేలినీ తీసుకుంది. ఆఫీసు ఇంటికి పొమ్మంది. “వేళ్లు పోయాయి గానీ నాలుక పోలేదు కదా” అంటూ ఆమె కట్టు విప్పకుండానే పనికి వచ్చి, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, బల్ల మీద విప్పి ఉన్న పుస్తకాన్ని మొదటి పుట నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది.

అది కాలక్షేపమనుకునేవారికి పుస్తకమంటే రెండు అట్టల మధ్య ఇరుక్కున్న కాగితం మాత్రమే. చిరిగిన పుస్తకం బైండింగుకు వస్తే, దాన్ని విప్పి ఫారాలుగా విడదీస్తారు. పదహారు పుటలు ఒక ఫారం. మళ్లీ కుట్టేముందు ఏ ఫారమూ పోలేదనీ, వరస తప్పలేదనీ చూసుకోవాలి. అంతకుముందు ఆ పని పుటల మీది అంకెలు చూసి చేసేవారు. ఆమె చదవడం మొదలుపెట్టిన నెలలోనే అంకెలన్నీ సవ్యంగా ఉండి మాటలు అతకని పుస్తకాలు నాలుగు బయటపడ్డాయి. “అంకె అబద్ధమాడినా, పుట దాటే వాక్యం అబద్ధమాడదు” అనేది ఆమె. ఒక పుట చివర మొదలైన వాక్యం తర్వాతి పుటలో పూర్తయితే పుస్తకం సవ్యంగా ఉన్నట్టు. పూర్తికాకపోతే ఆమె కంఠం ఆగేది, గదిలో సూదులూ ఆగేవి. ఆ విధంగా పంతొమ్మిదేళ్లు గడిచాయి. కుట్టేవాళ్లు తమ చేతుల్లోని పుస్తకాలు కుట్టుకుంటూ, ఆమె చేతిలోని పుస్తకం వింటూ, ఊరిలో ఏ పట్టభద్రుడూ చదవనన్ని గ్రంథాలను చెవులతో చదివేశారు.

ఉత్తర్వు విన్నాక ముందుగా నోరు విప్పింది కుట్టుపని చేసే ఇద్దరిలో పొడుగామె. “ఎవరు చెప్తారు దానికి?”

కుట్టుపనిలో రెండోఆమెను కొత్తకోడలంటారు. ఆమె కొత్తకోడలై ఇరవై రెండేళ్లు దాటింది, తన కోడలికే బిడ్డ పుట్టింది, పేరు మాత్రం పోలేదు. “చెప్పకపోతే తర్వాత మనల్ని నమిలి మింగుతుందండీ” అంది.

“చెప్తే ఇవాళే పైకెళ్లి వాళ్లని నములుతుంది” అన్నాడు మేస్త్రి. “అప్పుడు నెలాఖరు దాకా కూడా ఉంచరు. నేను వినయంగా ఒక అర్జీ రాస్తాను. సంగతి తేలేదాకా ఎవరూ నోరు మెదపొద్దు.”

“నాకు తెలిసినా తెలియనట్టే ఉంటుంది, నా ముఖమే అంత” అన్నాడు జిగురు తాత, పొయ్యి మీద గరిట తిప్పుతూ.

మేస్త్రికి భయం ఎక్కువ. దానికి ఆయన పెట్టుకున్న పేరు జాగ్రత్త. పైగా చదువులమ్మ ఆయనకు పరాయి మనిషి కాదు, భార్యకు స్వయానా చెల్లెలు. ఆయన ఇంట్లోనే ముందుగదిలో ఉంటుంది. పెళ్లి మాట ఎత్తినవాళ్లందరికీ “నాకు నెలకు పాతిక పుస్తకాలతో సంసారం, ఇంకొకడిని ఎక్కడ పెట్టను?” అని చెప్పి యాభైకి దగ్గర పడింది. ఇంట్లో ఆయన్ని బావా అంటుంది, పనిలో మేస్త్రిగారూ అంటుంది. ఆ రెండు పిలుపుల మధ్య గడప ఆమె ఎన్నడూ దాటలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆమె అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది. మేస్త్రి కాగితం పారేసే మనిషి కాదు. తనకు వచ్చిన ప్రతి చీటీనీ ఏడాదివారీగా దాచినవాడు. ఆ కంగారులో ఉత్తర్వును బల్ల కింద ఉన్న తుక్కు కాగితాల కట్టలోకి దోపేశాడు. తర్వాత దాన్ని బయటికి తీయలేదు.

రెండు రోజుల తర్వాత ఒక నవల వచ్చింది. వందేళ్ల కిందటి అమెరికా నవలకు అనువాదం, మూడు సంపుటాలు. మూడింటికీ అట్టలు లేవు. చదువులమ్మ మొదటి సంపుటం విప్పి గొంతు సవరించుకుంది. మేస్త్రి ఆమెను ఆపాలి. ఉత్తర్వు వచ్చిన క్షణం నుంచి అది నేరం. ఆయన యంత్రానికి నూనె వేస్తున్నట్టు వంగిపోయాడు.

కథ ఒక పెద్ద నది మీద పడవవాడిది. రెండు ఒడ్డుల మధ్య నలభై ఏళ్లుగా ఊరివాళ్లను దాటిస్తున్నాడు. రెండో ప్రకరణంలోనే ఊరి పెద్దలు సమావేశమై నదికి వంతెన కట్టించాలని తీర్మానిస్తారు. పడవవాడికి ఆ ముక్క తెలియదు. కొలతలు తీయడానికి పట్నం నుంచి ఇంజనీర్లు వస్తే తన పడవలోనే ఎక్కించుకుని నది అంతా తిప్పుతాడు. వరదల నుంచి ఊరిని కాపాడడానికి వచ్చారనుకుని వాళ్ల కొలత గొలుసు చివర తనే పట్టుకుంటాడు. ఊరంతా అతనికి నమస్కారం పెడుతుంది, కుశలం అడుగుతుంది, ఒక్కరూ చెప్పరు. ఎవరికి వారే ఇంకొకరు చెబుతారనుకుంటారు. కన్నకూతురు కూడా చెప్పదు.

చదువులమ్మ పుస్తకం బల్ల మీద పెట్టేసింది. “చూశారా, రాసినవాడి ఒడుపు! మనకి మొదటే చెప్పేశాడు, వాడికి చెప్పలేదు. ఇప్పుడు వాడు నవ్వినప్పుడల్లా మనకి కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుంటుంది. పాపం, ఆ గొలుసు చూడండి, తన గోతికి తనే తాడు పట్టుకుంటున్నాడు.”

కుట్టేవాళ్లు తమ ఫారాల మీదికి ఇంకా వంగారు.

“రాసినవాడిని మెచ్చుకుంటాను. ఆ ఊరివాళ్లను మాత్రం క్షమించను. ఏం, నోట్లో ముద్దలు పెట్టుకున్నారా అందరూ? ప్రేమట! ఇదేం ప్రేమ? ఒక్కడికి, ఒక్కడంటే ఒక్కడికి, వెన్నెముక లేదు ఆ ఊళ్లో. ఏమంటారు మేస్త్రిగారూ?”

“వాళ్లకీ ఏవో ఇబ్బందులుంటాయిలే” అన్నాడు మేస్త్రి, యంత్రంలోకి చూస్తూ.

“ఏం ఇబ్బంది? నోరు నొప్పా?”

కొత్తకోడలి వేలికి సూది గుచ్చుకుంది. పొడుగామె అదే ఫారాన్ని రెండోసారి కుట్టేసింది. జిగురు తాత ముఖం మాత్రం ఆయన చెప్పినట్టే ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో మేస్త్రి అన్నం కలుపుకుని తినలేకపోయాడు. సంగతి తెలిసిన భార్య వంటగది తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది. “ఇప్పుడు చెప్పారంటే ఊరుకుంటుందా? చిన్నప్పుడు బళ్లో తప్పు చెప్పాడని పంతులునే నిలబెట్టిన పిల్ల. మీ అర్జీకి జవాబు రానివ్వండి.”

అర్జీకి జవాబు రాలేదు. రెండోదానికీ రాలేదు. మూడోది ఆయనే పైకి తీసుకెళ్లాడు. సూపరింటెండెంటు అద్దాల మీదుగా చూసి, “మేస్త్రీ, చదివి సరిచూడడానికి ఆవిడకు నాలుగు రోజులు పడుతోంది. అంకెలు చూస్తే పావుగంట. నేనే చేసి చూపిస్తాను, ఆ మూడో సంపుటం పంపు” అన్నాడు. పంపక తప్పలేదు. పావుగంటలో అది కిందికి తిరిగి వచ్చింది, మొదటి ఫారం మీద “సరిచూడబడినది, లోపములు లేవు” అన్న ముద్రతో, సంతకంతో. పైవాళ్లకు ఏదో సరదా పుట్టిందనుకుని చదువులమ్మ నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు. ఆ నవ్వుకు ఆయన తరువాత చాలాకాలం సిగ్గుపడ్డాడు.

ఇరవై ఆరో తేదీన మొదటి సంపుటం కుట్టు పూర్తయి, వెన్నుకు పట్టీలు అంటించి, ఆరి, అట్ట వేసేముందు ఆఖరి చూపు కోసం ఆమె బల్ల మీదికి వచ్చింది. ఆమె వెన్ను మీద ఎడమచేతి వేళ్లు నడిపి చూసింది. అక్కడే ఆగింది.

వెన్నుపట్టీలు తుక్కు కాగితాల కట్టలోంచే కత్తిరిస్తారు. ఆ గదిలో ఎంతకాలంగానో జరుగుతున్నది అదే. దాన్ని అందరికంటే బాగా ఎరిగినవాడు మేస్త్రి. కత్తిరించేది జిగురు తాత. ఆయన జీవితమంతా పుస్తకాల మధ్యే గడిపినా ఒక్క అక్షరమూ నేర్చుకోలేదు. ఉత్తర్వు సంగతి ఆయనకు తెలుసు గాని, ఏ కాగితం ఉత్తర్వో తెలియదు. గట్టి కాగితమని మెచ్చుకుని మరీ కత్తిరించాడు.

చదువులమ్మ పైకి చదివింది, అలవాటు కొద్దీ. “…గరగా చదువు అలవాటును తక్షణమే నిలి…” ఇంకో పట్టీ మీదికి వేలు జరిపింది. “…చేయజాలని ఉద్యోగిని నెలాఖరున విధుల ను…”

తెగిన వాక్యం అవతలి ముక్క ఎలా ఉంటుందో పోల్చుకోవడం ఆమె పంతొమ్మిదేళ్ల వృత్తి. ఎక్కువసేపు పట్టలేదు. ఆమె తలెత్తి ఒక్కొక్కరి ముఖమే పుట తిప్పినట్టు చూసింది. అందరి ముఖాలూ దించే ఉన్నాయి. అదే ఆమెకు మిగతా ఉత్తర్వు.

“ఎప్పుడొచ్చింది?”

“మూడో తారీకున” అంది కొత్తకోడలు, ఏడుపు ఆపుకుంటూ.

“మూడునా! అంటే నేను ఆ ఊరివాళ్లను తిట్టిన ప్రతిసారీ మీరు కూర్చుని విన్నారు.” ఆమె లేచింది. “నన్ను ఆ పడవవాడిని చేశారు కదా, అందరూ కలిసి! నేను నవ్వుతుంటే మీ కడుపుల్లో దేవిందా? లేకపోతే రసంగా ఉందా? బావా, నిన్నే అడుగుతున్నాను!”

ఆ గదిలో ఆమె ఆ పిలుపు పిలవడం అదే మొదటిసారి. మేస్త్రికి చెంపదెబ్బ తిన్నంత పనయింది.

“నీ మంచికేనమ్మా. మూడు అర్జీలు పెట్టాను. నువ్వు తొందరపడతావని…”

“అక్కకి తెలుసా?”

ఆయన చూపు యంత్రం మీదికి పోయింది.

“తెలుసన్నమాట. బాగుంది. అందరి మంచీ నా నెత్తిమీదే. నా పేరున వచ్చిన దెబ్బ నాకు తగలాలి బావా, మీకు కాదు. దాచిపెట్టి నాకు మిగిల్చిందేమిటి? నాలుగు రోజులు. పోట్లాడడానికి ఇరవై ఏడు రోజులుండేవి నాకు!”

“తప్పైపోయింది” అన్నాడు మేస్త్రి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన ఆ మాట ఏ కాగితం మీదా రాయలేదు, ఎవరితోనూ అనలేదు.

“కత్తిరించింది నేను. నన్ను కూడా ఒకటి తిట్టు, కుదురుగా ఉంటుంది” అన్నాడు జిగురు తాత.

“నిన్ను తిట్టను తాతా. ఈ గదిలో ఆ కాగితాన్ని పనికొచ్చేలా వాడింది నువ్వొక్కడివే.” ఆమె కూర్చుంది. రెండోది చదవడం అప్పటికే అయిపోయింది. మూడో సంపుటం ముందుకు లాక్కుంది. “అర్జీలు ఆపండి. బతిమాలడం ఆపండి. నేను ఇది చదువుతాను. ఆపేవాళ్లు వచ్చి ఆపుకోనీ.” అంతవరకు సాధారణంగా చదివే మనిషి, ఆ రోజు నుంచి మెట్ల మీదికి వినబడేలా చదివింది. రెండో రోజుకు మెట్ల మీద మనుషులు ఆగి వినడం మొదలుపెట్టారు.

నెలాఖరు రోజు పదకొండింటికి సూపరింటెండెంటు స్వయంగా దిగి వచ్చాడు. చేతిలో విడుదల కాగితం. చదువులమ్మ తల ఎత్తకుండా, “ఈ ఫారం అవనివ్వండి సార్, వాక్యం మధ్యలో ఉన్నాను” అంది. కొత్తకోడలు బల్లపీట జరిపింది. ఆయన కూర్చుని గడియారం చూసుకున్నాడు.

కథలో వంతెన స్తంభాలకు గుర్తులు పెట్టేశారు. సాయంకాలం, నది మధ్యలో, పడవలో తండ్రీ కూతురూ మాత్రమే ఉన్నారు. ఆమె నూట నలభై నాలుగో పుట చదువుతోంది. “పడవవాడు తెడ్డు ఒళ్లో పెట్టుకుని కూతురి వంక చూశాడు. ‘నువ్వు చాలా రోజులుగా ఏదో చెప్పాలనుకుంటున్నావు’ అన్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ‘నాన్నా, ఆ కొలతలు ఎందుకంటే’…”

సూదులు గాలిలో ఉన్నాయి. ఆమె పుట తిప్పింది. నూట నలభై అయిదు. అదే ధోరణిలో చదివింది.

“…గుర్రము దవడను గట్టిగా తెరిచి పట్టి, రెండు గరిటెల సోడాను గోరువెచ్చని నీటిలో కలిపి గొంతులోనికి పోయవలెను. గుర్రము తన్నినచో పక్కకు తొలగవలెను.”

పొడుగామె చెంగు నోట్లో కుక్కుకుంది. జిగురు తాత పొయ్యి వైపు తిరిగాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఎప్పుడో, ఏ అచ్చుకూటంలోనో, అదే కొలత కాగితం మీద అచ్చయిన గుర్రాల వైద్యపు పుస్తకం ఫారం ఒకటి ఈ నవలలోకి వచ్చి కూర్చుంది. అంకెల ప్రకారం నూట నలభై నాలుగు తర్వాత నూట నలభై అయిదే. లోపమేమీ లేదు.

సూపరింటెండెంటు మళ్లీ గడియారం చూసుకుని తల ఊపాడు. “కానివ్వండి, బాగానే ఉంది.”

ఆయనకు తప్ప ఆ గదిలో అందరికీ తెలుసు.

మేస్త్రి బుర్ర ఆయన ఉద్యోగంలో ఎన్నడూ పనిచేయనంత వేగంగా పనిచేసింది. నోరు మూసుకుంటే చాలు. ఆ ముద్రతో, ఆ సంతకంతో పుస్తకం పై అంతస్తుకు పోతుంది, ఎవడో పాఠకుడు గుర్రం దగ్గర ఆగుతాడు, ఫిర్యాదు డైరెక్టరు దాకా వెళ్తుంది. పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టున్న ప్రతీకారం. ఆయన చదువులమ్మ వైపు చూసి, వద్దు, చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పొడుగామె కూడా ఊపింది.

చదువులమ్మ వాళ్లందరినీ చూసింది. తర్వాత పుస్తకం మూయకుండానే ఆయన వైపు తిరిగింది.

“సార్, విన్నారా?”

“విన్నానండీ. నది, పడవ, చక్కగా ఉంది.”

“గుర్రం?”

“ఏ గుర్రం?”

“కూతురు తండ్రి దవడ తెరిచి సోడా పోస్తోంది సార్. తన్నితే పక్కకు జరగమంటోంది.”

గది ఒక్కసారిగా పగలబడి నవ్వింది. సూపరింటెండెంటు ముఖం జేవురించింది. ఆయన లేచి వచ్చి పుట చూశాడు, వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు, అంకెలు చూశాడు, మళ్లీ చూశాడు. చివరికి మొదటి ఫారం తిప్పి తన సంతకం చూసుకున్నాడు.

“మీకు చెప్పకుండా ఊరుకుని ఉండొచ్చు” అంది ఆమె. “వీళ్లందరూ అదే కోరుకున్నారు. ఇది మీ ముద్రతో పైకి పోయేది, నవ్వేవాళ్లు నవ్వుకునేవాళ్లు. తెలిసీ చెప్పకపోవడం నాకు చేతకాదు సార్. నాకు అది జరిగింది, రుచి బాగాలేదు.”

“సరే… పొరపాటు పట్టుకున్నారు. సంతోషం. అయినా ఉత్తర్వు ఉత్తర్వేనండీ.”

“ఉండనివ్వండి. ముందు పుటల సంగతి చూడండి. మేస్త్రిగారూ, కోరిక పత్రం!”

పోయిన పుటలను వేరే గ్రంథాలయపు ప్రతి నుంచి నకలు తెప్పించుకోవడానికి ఒక పత్రం ఉంది. దానికి సూపరింటెండెంటు సంతకం కావాలి. మేస్త్రి దాన్ని తెచ్చి పరిచాడు. సూపరింటెండెంటు కలం తీసి, “లోపము బయటపడిన విధము” అన్న గడిలో “పరిశీలనలో” అని రాయబోయాడు.

“పరిశీలన మీరు చేశారు సార్, పావుగంట. అందులో బయటపడలేదు. ‘బిగ్గరగా చదువగా’ అని రాయండి.”

“అవన్నీ ఎందుకండీ, మాట ఒకటే కదా…”

“ఒకటే అయితే నేను చెప్పింది రాయడానికి అభ్యంతరమేముంది?”

ఆయన గదిని చూశాడు. అప్పుడు మేస్త్రి ఒక పని చేశాడు. రోజువారీ పనుల పుస్తకం తెరిచి, ఆ రోజు తేదీ కింద “మూడవ సంపుటము, పుటల సరిచూపు, బిగ్గరగా చదివి. అన్యగ్రంథపు ఫారము ఒకటి బయటపడినది” అని వంకర లేని అక్షరాలతో రాసి, సంతకం చేసి, పొడుగామె ముందుకు తోశాడు. ఆమె చేసింది. కొత్తకోడలు చేసింది. జిగురు తాత బొటనవేలు జిగురులో ముంచబోయి, తిట్లు తిని, సిరాలో ముంచి వేశాడు. చివరికి ఆ పుస్తకం సూపరింటెండెంటు ముందుకు వచ్చింది. అది ఏటా తనిఖీకి వెళ్లే పుస్తకమని ఆయనకు తెలుసు. ఆయన పళ్లు బిగించి గడిలో రాశాడు: “బిగ్గరగా చదువగా.”

విడుదల కాగితం మాత్రం బల్ల మీదే పెట్టాడు. “దీని మీద సంతకం చేయాలి మీరు.”

“చేయను. రేపు ఎనిమిదింటికి వస్తాను, ఈ కుర్చీలో కూర్చుంటాను, పైకి చదువుతాను. నన్ను లేపదలచినవాళ్లు వచ్చి లేపుకోండి. ఏ పుట దగ్గర లేపారో మాత్రం రాసి పెట్టుకుంటాను.”

ఆయన తలుపు దాకా వెళ్లి ఆగాడు. ఏదో అడగబోయి మానేసి మెట్లెక్కాడు.

మర్నాడు ఎనిమిదింటికి ఆమె వచ్చింది. తొమ్మిదింటికి పైనుంచి కాగితం వచ్చింది. మేస్త్రి విప్పలేదు. చేతులు తుడుచుకుని, గది దాటి వెళ్లి, మడత ఊడని కాగితాన్ని ఆమె ఎడమచేతిలో పెట్టాడు. “నీ పేరున వచ్చింది” అన్నాడు.

ఆమె అందరికీ వినబడేలా చదివింది. కోరిక పత్రంలో పేర్కొనిన పదహారు పుటలు చేరి, పుటల సరిచూపు పూర్తి అగువరకు, ఉద్యోగిని విడుదల నిలిపి ఉంచడమైనది.

“అంటే రద్దు కాలేదు. ఆ పదహారు పుటలు వచ్చేదాకానే” అంది కొత్తకోడలు దిగులుగా.

“సరిచూపు పూర్తయ్యే దాకా అని రాశారు, ఏ పుస్తకం సరిచూపో రాయలేదు” అంది చదువులమ్మ. కాగితం మడిచి తన సంచిలో పెట్టుకుంది. “మేస్త్రిగారూ, పై అంతస్తు బీరువాల్లో పుటలు పోయిన పుస్తకాలెన్ని ఉంటాయి?”

మేస్త్రి ఆలోచించాడు. “పోనివెన్ని అని అడుగు, తొందరగా చెప్తాను.”

“అయితే పోయినవన్నీ ఇటు దింపించండి. వరసగా కోరిక పత్రాలు రాద్దాం.” ఆమె గుర్రాల ఫారాన్ని పక్కకు తీసి నూట అరవై ఒకటో పుట తెరిచింది. “పడవవాడికి కూతురు ఏం చెప్పిందో మనకింకా తెలియదు. తర్వాత వాడేం చేశాడో వినండి.”